తొట్టిస్నానం పరీక్ష

తన కూతురు ఇంకొకరి చేతుల్లో ఏడుపు మానేస్తుందేమోనన్నదే సంతోషమ్మకున్న పెద్ద భయం. ఆ ఇంకొకరు తెరిసమ్మ అయితే ఆ భయానికి అంతే లేదు.

అందుకే ఆ ఉదయం ఆరునెలల పాపకు పాలివ్వకుండానే చంకనేసుకుని బడికి బయలుదేరింది.

అనంతగిరి దగ్గరి ఆ మిషను బడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు ఏడాది చివరి పరీక్ష, పసిబిడ్డకు తొట్టిస్నానం చేయించడం. ఇన్నాళ్ళూ గుడ్డబొమ్మకు నీళ్ళు పోసి నేర్చుకున్నారు. డోలీలో కొండెక్కి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం బొమ్మ పనికిరాదంది. ప్రాణమున్న బిడ్డకు పోసి చూపించాలంది. అంత పసిబిడ్డ ఆ చుట్టుపక్కల సంతోషమ్మకే ఉంది.

"ముందు ఎవురు నీళ్ళు పోత్తారు టీచరమ్మా?" అని నిన్ననే అడిగింది సంతోషమ్మ.

"తెరిసమ్మ" అంది అంతోనమ్మ టీచరు. "ఇది గట్టెక్కిందంటే ఇసాపట్నం పంపుతారు, నర్సు సదువుకి."

ఒకప్పుడు తెరిసమ్మా, సంతోషమ్మా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. అయిదో తరగతి పరీక్షనాడు వాన పడింది. బడి కప్పు కారి సంతోషమ్మ పలక మీది లెక్కలన్నీ కొట్టుకుపోయాయి. పరీక్ష తప్పింది. ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు. ఇప్పుడామె రోజూ కాళ్ళు చాపుకుని కూర్చుని, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తుంది. దానికి ఎవరూ మార్కులు వెయ్యరు.

గదిలో రేకుతొట్టి, వేడినీళ్ళ కాగు, తెల్లచీరలో తెరిసమ్మ. ఆమె వేలికి సిరా మరక. సంతోషమ్మ చూపు ఆ మరక మీదే ఆగిపోయింది.

"ఒలే సంతోసం, ఏటలా గుంటని నొక్కి పట్టుకున్నావు? ఇలగియ్యి."

"జాగర్తే. ఇది బొమ్మ కాదు. తల ఊడిపోతే సూదీ దారం ఎట్టి కుట్టలేవు."

"నీ కూతురు తలకాయ కదే, అంత బేగి ఊడదులే."

తెరిసమ్మ మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసింది. పాప మెడ కింద అరచెయ్యి పెట్టి, మెల్లగా తొట్టిలోకి దించింది. ఎక్కడా తడబడలేదు. పాప మాత్రం గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ సంతోషమ్మకు లోపల చల్లగా అనిపించింది. ఏడు తల్లీ, ఇంకా గట్టిగా ఏడు, అనుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ పెన్సిలు ఎత్తింది. "బిడ్డ ఎందుకు ఏడుస్తోంది? కారణం చెప్పు."

తెరిసమ్మ మళ్ళీ నీళ్ళు చూసింది. పాప చెవి ముట్టుకుంది, పొట్ట తట్టింది. ఏడుపు ఆగలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

పాప ఏడుపు వినేసరికి సంతోషమ్మ గుండెలు బరువెక్కి పాలు ఉబికి వచ్చాయి. పైట దగ్గరకు లాక్కుంది. దాగలేదు. అప్పుడే తెరిసమ్మ తలెత్తి గుమ్మంవైపు చూసింది.

"ఆకలండి. పొద్దున్నించి పాలు తాగలేదు. అటు సూడండి, తల్లి రవిక తడిసిపోయింది."

అందరూ అటే చూశారు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా చూసి, తల ఊపి, కాగితం మీద నిండుగా మార్కులు వేసింది.

సంతోషమ్మ పాపను లాక్కుని బడి వెనక్కి పోయింది. తడి ఒంటితోనే పాప ఆబగా పాలు తాగింది. అది తాగడం ముగించేసరికి తెరిసమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"కావాలనే పట్టలేదు కదే?"

సంతోషమ్మ పాపను ఇంకొంచెం దగ్గరకు పొదువుకుంది.

"రవిక సూసి సెప్పినానని అనుకుంటన్నావు. తలెత్తగానే ముందు నీ మొహమే సూసినాను, తెలిసిపోయింది నాకు. గుమ్మంకాడ నించుని నన్ను సూసినావు సూడు, ఆ సూపు నాకు బాగా తెల్సు. ఒకపాలి నిన్ను నేనూ అలాగే సూసినాను."

"ఎప్పుడు?"

"అయిదో తరగతి పరీచ్చనాడు. లెక్కలన్నీ నువ్వే ముందు సేసేసినావు. పలక బెంచీ మీదెట్టి, మంచినీళ్ళకని లేచినావు." తెరిసమ్మ వేలి మీది సిరా మరకను రుద్దుకుంటూ ఉండిపోయింది. "ఆ రోజు మన బెంచీ మీద కప్పు కారలేదే. నా కొంగు తడిపి నేనే తుడిసేసినాను."

 సంతోషమ్మ రవిక సర్దుకుంది, కొంగుతో మొహం తుడుచుకుంది. నిద్రలోకి జారుతున్న పాపను తీసి, తెరిసమ్మ ఒళ్ళో పెట్టింది.

పాప ఏడవలేదు.

సంతోషమ్మ తిన్నగా గదిలోకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరమ్మ ముందు నిలబడి, పలకా బలపమూ అడిగింది.

మీలో ఎవరైనా అటువైపు వెళ్తే బడి వెనక తెరిసమ్మను ఒకసారి చూసి రండి. మూడేళ్ళ కింద తప్పిన పరీక్ష రాసి వచ్చేదాకా, బిడ్డనెత్తుకుని అక్కణ్ణించి కదలొద్దని సంతోషమ్మ ఆమెకు చెప్పి వెళ్ళింది.