రెండు చుట్టల దూరం

తెనాలి స్టేషన్లో రైలు ఆగి పావుగంటయింది. సిగ్నల్ ఇంకా పడలేదు.

పేరాల నేతగాడు బ్రహ్మానందం అప్పటికి పదిసార్లు కిటికీలోంచి తొంగిచూశాడు. పక్కన కూతురు హైమావతి గోళ్ళు కొరుక్కుంటోంది.

రేపల్లె బండి దిగిన ముసలాయన ఒకడు ఈ పెట్టెలోకి ఎక్కి వాళ్ళ పక్కనే కూర్చున్నాడు. మాసిన పంచె, నోట్లో చుట్ట, ఒంటినిండా చేపల వాసన.

బ్రహ్మానందం ముఖం చిట్లించి దూరంగా జరిగాడు.

“ఎక్కడిదాకా బాబూ?”

“గన్నవరం. విమానానికి,” అన్నాడు, ఇక అడగొద్దన్నట్టు.

ముసలాయన ముఖం వెలిగిపోయింది. “విమానమా! గన్నవరం నుంచి హైదరాబాదు ఎన్ని చుట్టల దూరం?”

పెట్టెలో జనమంతా గొల్లుమన్నారు.

“నవ్వుతారేంటి? సముద్రం మీద మాకు చుట్టలే లెక్క. ఓ చుట్ట కాలేలోపు ఎంత పోతే అంత.”

“నూట అరవై మైళ్ళు తాతగారూ. గంట ప్రయాణం,” అంది హైమావతి.

“అంటే రెండు చుట్టలు. అంతేనా! మా ఊర్నుంచి రేపల్లె రావడానికే నాకు మూడయ్యాయి.”

“విమానంలో చుట్ట కాల్చనివ్వరులే బాబాయ్,” అన్నాడు బ్రహ్మానందం.

మళ్ళీ నవ్వులు. ముసలాయన కూడా నవ్వాడు.

“అంత తొందరేంటి తల్లీ?”

హైమావతి ఆపుకోలేక చెప్పేసింది. డాక్టరు చదువుకు ఇంటర్వ్యూ. హైదరాబాదులో, ఇవాళే, నాలుగింటికి. వాళ్ళ వీధిలో బ్రహ్మానందాలు ముగ్గురు. ఉత్తరం ఇంకో బ్రహ్మానందం ఇంట్లో మగ్గం పక్కన ఐదు రోజులు పడి ఉండి, ఈ పొద్దున చేతికొచ్చింది. విమానం నిండిపోయిందట. ఎవరైనా రాకపోతేనే సీటు.

“దొరక్కపోతే?”

“ఇక మగ్గమే తాతగారూ.”

ముసలాయన చుట్ట ఆర్పేశాడు.

సిగ్నల్ పడింది. ఇంజను కూత వేసింది.

ఆయన లేచి, సంచిలోంచి గోధుమరంగు కవరు తీసి హైమావతి చేతిలో పెట్టాడు. “గన్నవరంలో విమానం గుమాస్తాకు ఇయ్యి తల్లీ. సింగరయ్య ఇమ్మన్నాడని చెప్పు.”

“దిగిపోతున్నావేంటి బాబాయ్?”

“నాదేముంది బాబూ, పోస్టులోనైనా వస్తుందిలే.”

రేపల్లె బండి వైపు నడిచి వెళ్ళిపోయాడు.

“మన తిప్పలు మనకుంటే మధ్యలో ఈయన అర్జీ ఒకటి!” అని విసుక్కున్నాడు బ్రహ్మానందం.

గన్నవరంలో గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

“ఒక్కాయనే రావాలండి. అది గవర్నమెంటు టిక్కెట్టు. ఇంకొకరికి ఇవ్వలేను.”

బ్రహ్మానందం సంచి ఎత్తుకున్నాడు. వెనక్కి తిరగబోతూ హైమావతి కవరు అందించింది.

“సింగరయ్యగారు ఇమ్మన్నారండి.”

గుమాస్తా విప్పి చూసి ఉలిక్కిపడ్డాడు. “ఆ సీటు ఈయనదేనమ్మా! టిక్కెట్టు పంపేశారేంటి? ఆయన రారా?”

“రేపల్లె బండెక్కేశారండి.”

“అయితే ఇక నీదే. పేరు చెప్పు, త్వరగా.”

విమానం లేచింది. కంచె పక్కన నిలబడి చూస్తున్న బ్రహ్మానందం కళ్ళు తుడుచుకున్నాడు. ముసలాయన పక్కన కూర్చుంటే దూరంగా జరిగినందుకు సిగ్గేసింది. ఒక్క దణ్ణమైనా పెట్టలేదు.

గుమాస్తా తిరిగిచ్చిన కవర్లో ఇంకో కాగితం మిగిలింది. విప్పి చదివాడు.

మొన్నటి తుఫానులో ఒక్క పడవతో నలభై ముగ్గురిని ఒడ్డుకు చేర్చిన సరంగు సింగరయ్యకు, ఆ సాయంత్రమే హైదరాబాదులో పతకం ఇస్తామని సర్కారు రాసిన ఉత్తరం అది.