తుడిచేసినవన్నీ

"ముట్టుకోకు!"

వదిన స్టూడియో గుమ్మంలోంచే వేసిన కేకకి ఫోటోగ్రాఫరు కీబోర్డు మీంచి రెండు చేతులూ గాల్లోకి లేపేశాడు, పోలీసులకి దొరికిపోయినవాడిలా.

"నేనేం చెయ్యట్లేదు వదినా. ఊరికే వెతుకుతున్నానంతే."

"వెతకడమూ వద్దు. ఆ డిస్కు మీద కొత్తగా ఒక్క ముక్క పడినా, దాని కిందున్న ఫోటో గోవిందా. ఇంతకీ ఏం తుడిచావు?"

"పెళ్ళి. మొత్తం పెళ్ళి. చోటు చాలక పాత ఫోల్డరు తీసేద్దామనుకుని..."

"కొత్తది తీసేశావు."

"సాయంత్రం పెళ్ళివాళ్ళు చూడ్డానికొస్తున్నారు వదినా. పెళ్ళికూతురి తల్లి గొంతు వింటేనే నాకు చెమటలు పట్టేస్తున్నాయి. మీరు ప్రోగ్రామరు కదా, ఏదో ఒకటి చెయ్యండి. అన్నయ్యకి మాత్రం చెప్పకండి."

వదిన గొడుగు లైట్ల మధ్య నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. డిస్కు ఊడదీసి తన లాప్‌టాప్‌కి తగిలించింది. తుడిచేసినవాటిని వెలికితీసే ప్రోగ్రాము ఒకటుంది ఆమె దగ్గర. అది డిస్కుని ఈ కొస నుంచి ఆ కొసకి చదువుకుంటూ పోతుంది. దొరికినవాటిని దొరికినట్టు ధారగా బయటికి పోస్తుంది.

"పోస్తే పట్టేదెక్కడ?" అని గొణుక్కుంది. "ఈ డిస్కు మీద రాయకూడదు. నా లాప్‌టాప్ నిండిపోయి ఉంది. మా ఆఫీసు మిషన్లో చోటుంది కానీ..."

"మరింకేం! అక్కడికి పంపేయండి."

"అన్నీ ఒకే మూటగా కట్టి పంపాలి. ఆ మూటకో పట్టింపు ఉందిలే. ముందు ఫోటో సైజెంతో రాయాలి, ఆ తరవాతే ఫోటో పెట్టాలి. ఇదేమో ధార. పూర్తిగా వచ్చేదాకా సైజు తెలీదు."

"కాసేపు ఎక్కడైనా దాచి, కొలిచి..."

"ఎక్కడ దాస్తాను, నీ జేబులోనా?"

వదిన వేళ్ళు టకటకలాడాయి. ఎక్కడా ఫైలన్నది పుట్టకుండా, ఒక్కో ఫోటోని మెమరీలోనే పట్టి, కొలిచి, సైజు రాసి, ఆఫీసులోని మూటలోకి తోసెయ్యడం. చెయ్యి ఖాళీ కాగానే తరవాతి ఫోటో. స్క్రీన్ మీద పెళ్ళికూతురు ప్రత్యక్షమైంది. తరవాత పెళ్ళికొడుకు.

"వచ్చేశాడు!" అని ఎగిరి గంతేశాడు ఫోటోగ్రాఫరు.

అంతలో లాప్‌టాప్ ఫ్యాను బుస్సుమంది. స్క్రీన్ బిగుసుకుపోయింది.

"ఏమైంది వదినా?"

"వీడియో. ఇంత పెద్దది మెమరీలో ఎక్కడ పడుతుంది? గొంతుకడ్డం పడింది." ఆమె ప్రోగ్రాము ఆపి, అందులో రెండు లైన్లు మార్చి, ఆగినచోటి నుంచి మళ్ళీ నడిపింది. "ముక్కలు చేసి పంపుతాను. ముక్క ముక్కకీ విడిగా సైజు. తరవాత అతుక్కుందాం."

ఫ్యాను నెమ్మదించింది. వీడియో ముక్కలు ముక్కలుగా జారిపోయింది. అప్పుడే మోగిన ఫోను ఫోటోగ్రాఫరు ధీమాగా ఎత్తాడు. "రండమ్మా, రండి! అన్నీ సిద్ధం. ఒక్కటి కూడా పోలేదు. అసలెందుకు పోతాయి?"

ఫోను పెట్టేసి, ప్రాణం లేచొచ్చినట్టు స్టూలు మీద చతికిలబడ్డాడు. "మీ కాళ్ళకి దండం పెట్టాలి వదినా. ఇంక ఆపేయండి."

"ఇంకా వస్తున్నాయిగా."

"అవా? అవన్నీ పాత చెత్త. నేనెప్పుడో కావాలనే తీసేసినవి. ఆపేయండి వదినా, మీకూ ఆఫీసుకి ఆలస్యం..."

"మధ్యలో ఆపితే మూట మూతి బిగుసుకోదు. కొసదాకా రానీ."

"వదినా, ప్లీజ్!" అతను వైరు పీకబోయాడు. ఆమె చేతిమీద ఒక్కటి వేసి, స్క్రీన్ దగ్గరికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. లాప్‌టాప్‌ని మెల్లగా అతనివైపు తిప్పింది.

"ఈ పెళ్ళికూతురు నేనే కదూ మరిదీ? మా పెళ్ళి ఫోటోలున్న కెమెరాని దొంగలెత్తుకుపోయారని చెప్పావే!"