తిరుగు చార్జీ

బొంబాయి బండికి ఇంకా అరగంట ఉందనగా, ముద్దనూరు స్టేషన్లో భారతమ్మ ఎదురొచ్చింది.

బొట్టు లేని మొహం, బోసి చేతులు, నెత్తిన ఉడకబెట్టిన శనక్కాయల గంప.

నాగప్ప మేనల్లుడి చెయ్యి పట్టి ఆపాడు.

"ఎనక్కి రారా ఓబులేసూ. పెట్టె మీద కూచో. రెండు గుక్కలు నీళ్ళు తాగి లెయ్."

ఓబులేసు కూర్చున్నాడు. తిరుపతిలో బి.ఏ. చదివినవాడు. అరబ్బుల దేశంలో, ఏడెన్ రేవులో గుమాస్తా పని ఉందని బొంబాయి ఏజెంటు అగ్రిమెంటు పంపాడు. సంతకం బొంబాయికి పోయి పెట్టాలి. జమ్మలమడుగులో వాళ్ళ వీధి నుంచి ఓడ ఎక్కబోయే మొదటివాడు అతనే.

భారతమ్మ తప్పుకోలేదు. గంప దించింది.

"ఎంత దూరం నాయనా?"

"ఏడెన్."

"తిరిగొచ్చే ఓడచార్జీ ఎవురు పెట్టుకుంటారని రాసినారు కాగితంలో?"

ఓబులేసుకు తెలియదు. అతను చూసింది జీతం ఒక్కటే.

నాగప్పకు ఒళ్ళు మండింది.

"వాడింకా బండే ఎక్కలేదు, తిరిగొచ్చేది అడుగుతాండావా! నీ నోట మంచి మాట రాదా?"

"పోయేటప్పుడే అడగాలప్పా. పోయినాక అడిగితే పలికేటోళ్ళుండరు."

మళ్ళీ ఓబులేసు వైపు తిరిగింది.

"పాస్‌పోర్టు నీ జేబులోనే పెట్టుకో నాయనా. ఎంత పెద్దోడడిగినా చూపించు, ఇయ్యొద్దు. ఆ ఊర్లో మన దేశపోళ్ళ ఆఫీసు యాడుందో ముందే రాసిపెట్టుకో. ఏదీ, ఆ కాగితం ఒకసారి చదివి చెప్పు."

"శనక్కాయలమ్ముకునేదానివి, మా కాగితాలు నీకెందుకమ్మే!"

నాగప్ప కాలితో గంపను నెట్టాడు. గంప ఒరిగి కాయలన్నీ నేలపాలయ్యాయి.

ఓబులేసు తల దించుకున్నాడు. కాగితం మాత్రం తియ్యలేదు.

భారతమ్మ కాయలు ఏరుకోసాగింది. అంతలో బొంబాయి నుంచి మద్రాసుకు పోయే బండి వచ్చింది. ఏరడం మానేసి, దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.

"అమ్ముకోకుండా అట్ల చూస్తాదేంది?" అన్నాడు నాగప్ప.

"ఆయమ్మ అంతేలే అప్పా," అన్నాడు టీ అంగడి వలి బాషా.

బొంబాయి బండి గుత్తి దాటాక ఓబులేసుకు మనసాగలేదు. అగ్రిమెంటు తీసి మొదటినుంచి చదివాడు. మళ్ళీ చదివాడు. నాలుగు పేజీల్లో తిరుగు ప్రయాణం మాట ఎక్కడా లేదు.

బొంబాయిలో ఏజెంటు గదిలో ఓబులేసుతో కలిపి ఆరుగురు కుర్రవాళ్ళు కూర్చున్నారు.

"ముందు పాస్‌పోర్టులు ఇక్కడ పెట్టండి. తర్వాత సంతకాలు," అన్నాడు ఏజెంటు.

"తిరుగు చార్జీ ఎవరిది సార్?" అన్నాడు ఓబులేసు.

"నాలుగేళ్ళ తర్వాతి సంగతి ఇప్పుడెందుకయ్యా?"

"అదొక్కటి రాయండి సార్."

ఏజెంటు నవ్వాడు. రాయలేదు.

ఐదు పాస్‌పోర్టులు బల్ల మీదికి చేరాయి. ఆరోది ఓబులేసు జేబులోనే ఉండిపోయింది.

ఓడ ఎక్కకుండా ఇంటికొచ్చిన మేనల్లుణ్ణి నాగప్ప తిట్టలేదు, భారతమ్మను తిట్టాడు.

"ఆ విధవరాలు ఎదురొచ్చినప్పుడే అనుకున్నా."

నాలుగు నెలలకు ఏడెన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఐదుగురిలో ఒకడు రాశాడు.

"మా పాస్‌పోర్టులు యజమాని బీరువాలో ఉన్నాయి. గుమాస్తా పని లేదు, మూటలు మోయిస్తున్నాడు. ఇంటికి పోతామంటే చార్జీ మీరే తెచ్చుకోండి అంటున్నాడు. ఎట్లా వస్తామో తెలియదు. నువ్వు అదృష్టవంతుడివి."

నాగప్ప ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు.

"బతికిపోయినావు రా అబ్బోడా!"

కాసేపటికి, "ఆ గంప తన్నకుండా ఉండాల్సింది," అన్నాడు.

తర్వాతి సంవత్సరం ఓబులేసుకు ఆఫ్రికాలోని మొంబాసాలో ఒక బడిలో ఉద్యోగం దొరికింది. రానూ పోనూ ఓడచార్జీ బడివాళ్ళదేనని మొదటి పేజీలోనే రాసి ఉంది. అతను ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నాడు.

ఈసారి బండికి రెండు గంటల ముందే ఇద్దరూ ముద్దనూరు చేరారు. ఓబులేసు చేతిలో కాగితం. నాగప్ప చంకలో ప్రొద్దుటూరులో కొన్న చీర. విధవరాలికని ఏరి ఏరి అంచు లేని తెల్లచీర తెచ్చాడు.

ప్లాట్‌ఫారమంతా వెతికారు. గంప లేదు, భారతమ్మ లేదు.

"శనక్కాయలమ్మ యాడ బాషా?"

"మొన్ననే బొంబాయికి పోయింది గదప్పా."

"బొంబాయికా! ఎందుకు?"

"ఓడ దిగేటోణ్ణి పిలుచుకోని వచ్చేదానికి. పద్నాలుగేండ్ల కిందట బస్రాకు పోయినాడు, గోడలు కట్టే మేస్త్రీ. కాగితంలో ఏముందో చూసుకోకుండా వేలిముద్ర వేసినాడు. పాస్‌పోర్టు వాళ్ళు పెరుక్కున్నారు. తిరుగు చార్జీ లేదు. జాబులు గూడా నిలిచిపోయినాయి. ఈయమ్మ ఎవురెవురి కాళ్ళో పట్టుకోని ఆడుండే మన దేశపోళ్ళ ఆఫీసుకు జాబులు రాయిస్తానే ఉన్నింది. కడాకు వాళ్ళే వెతికి ఓడ ఎక్కించినారంట."

ఓబులేసు చేతిలోని కాగితం మెల్లగా మడిచాడు.

"ఆ మేస్త్రీ ఆయమ్మకు ఏమైతాడు?" అన్నాడు నాగప్ప.

వలి బాషా అతని చంకలోని తెల్లచీర చూసి నవ్వాడు.

"ఆ చీర మార్చుకోని రాప్పా. సచ్చిపోయినాడని ఊరోళ్ళు గాజులు పగలగొట్టినారే గానీ, ఆయమ్మ మొగుడు బతికే ఉండాడు."