మారుమనుషుల అలక

మిరప వ్యాపారం కొడుక్కి అప్పగిస్తే తీరిక దొరుకుతుందనుకున్నాను. దొరికినవి పిలుపులు. వారమంతా షష్టిపూర్తులు, గృహప్రవేశాలు. అందరిలాగే నేనూ అచ్చం నాలా ఉండే మారుమనిషిని కొని, అన్నింటికీ దాన్నే పంపేవాణ్ణి. నేను కాళ్లు చాపుకొని కూర్చుంటే చుట్టరికాలు వాటంతటవే నడిచేవి. ఇంతకంటే లాభసాటి బేరం ఎక్కడుంది?

బుధవారం మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో తాంబూలం ముందు నా మారుమనిషికి ఇచ్చారని, వియ్యంకుడు కోటిలింగం గారి మారుమనిషి అలిగింది. నాది కూడా బిగుసుకుంది.

"కోడలి పుట్టింటితో చెడితే ఎలాగండీ? మీరే వెళ్లి సర్దిరండి" అంది నా భార్య నాగరత్నం.

మారుమనిషిని వెంటబెట్టుకొని చీరాల వెళ్లాను. నేను స్వయంగా వెళ్లి నాలుగేళ్లయింది. కోటిలింగం గారు నా చెయ్యి గిల్లి చూశారు.

"నిజంగా మీరేనా బావగారూ? చిక్కిపోయారే!"

"మీకు పొట్ట వచ్చిందని మీ మారుమనిషి చెప్పనే లేదు!"

పెసరట్లు తింటూ పొద్దుగూకేదాకా నవ్వుకున్నాం. మారుమనుషులు మాత్రం చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నాయి.

బయల్దేరుతుంటే, "మరి వీటిని కలపొద్దా?" అన్నారాయన.

లెక్క వేసి చూశాను.

"కలిస్తే శనివారం గృహప్రవేశానికి మళ్లీ ఇవే వెళ్తాయి బావగారూ. అలగనివ్వండి."