దాణాలో ఉప్పు

"ముందు దీని తోక చూడు. తర్వాత నీ మొహం అద్దంలో చూసుకో!"

పందుల పెంపకందారు భార్య చంకలో ఉన్న పందిపిల్లను తెచ్చి దాణా కొట్టు బల్ల మీద నిలబెట్టింది. పాలు మరిచి దాణాకు అలవాటు పడుతున్న పిల్ల అది. తోక సగానికి తెగి, చివర రక్తం గడ్డకట్టి ఉంది. తవుడు తూకం వేయించుకుంటున్న ఇద్దరూ పక్కకైతే జరిగారు గానీ వెళ్లిపోలేదు. ఊరికే దొరికే తమాషాను ఎవరు వదులుకుంటారు?

"ఏమైందమ్మా?" అన్నాడు కొట్టాయన.

"ఏమైందా? ఒకదాని తోక ఒకటి కొరుక్కు తింటున్నాయి. గోడలు నాకుతున్నాయి, కటకటాలు నాకుతున్నాయి. నిన్న ఒకటి చచ్చింది కూడా. ఇలాగే పోతే దొడ్లో ఒక్కటి మిగలదు. అసలేం కట్టి ఇస్తున్నావయ్యా ఆ పొట్లాల్లో?"

కొట్టాయన పిల్ల నోటి ముందు వేలు పెట్టాడు. చెమట పట్టిన ఆ వేలిని అది వదలకుండా నాకింది.

"ఇది ఉప్పు చాలకపోవడం చెల్లెమ్మా. ఖనిజాల పొడితో పాటు వారం వారం పిడికెడు ఉప్పు విడిగా కట్టి ఇస్తున్నాను కదా. కలుపుతున్నారా?"

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు వాడిది, విచారణ తనకా!

"మా ఆయన రోజూ తన చేత్తో కలుపుతున్నాడు. నువ్వు కట్టింది ఉప్పయితే కదా! ఏ సుద్దపొడో కట్టి ఉంటావు. నోరులేని జీవాలు, అడగలేవనేగా నీ ధైర్యం?"

"ఉప్పులో కల్తీయా? అంతకంటే చవకది ఏముందమ్మా అందులో కలపడానికి?"

తవుడు వాళ్లిద్దరూ కిసుక్కున నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఆ తెలివితేటలు ఇక్కడ కాదు, మా దొడ్డికొచ్చి చూపించు."

పౌరుషం కొట్టాయనకు మాత్రం ఉండదా? షట్టరు సగానికి దించి, ఆమె వెంట నడిచాడు.

వాళ్లు వెళ్లేసరికి భర్త అప్పుడే భోజనం ముగించి, కంచం చెక్క బల్ల కింద పెట్టి, చెయ్యి కడుక్కుంటున్నాడు. కొట్టాయనను చూసి కంగారుగా కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"రండి రండి. ఏంటిలా వచ్చారు?"

"మా చెల్లెమ్మ నన్ను దొంగను చేసింది బావగారూ. ఆ సంగతి తేల్చుకుందామని."

కొట్టాయన తొట్టెలోంచి చిటికెడు దాణా తీసి నాలుక మీద వేసుకుని, వెంటనే ఉమ్మేశాడు.

"చప్పిడి. ఒక్క పలుకు ఉప్పు పడలేదు ఇందులో."

"అదే కదా నేను మొత్తుకుంటున్నది!" అని అరిచింది ఆమె.

కొట్టాయన అరలో ఉన్న ఉప్పు పొట్లం విప్పాడు. సగానికి పైగా ఖాళీ అయి ఉంది. మిగిలిందాంట్లోంచి కాస్త తను చప్పరించి, కాస్త ఆమె అరచేతిలో వేశాడు. ఆమె నాలుకకు తగిలించుకుని మొహం చిట్లించింది. అచ్చమైన ఉప్పు.

"ఇప్పుడేమంటావు చెల్లెమ్మా? పొట్లంలో ఉప్పుంది. తొట్టెలో లేదు. బావగారూ, కలపడం మరిచిపోతున్నారేమో?"

"నేనా? ఒట్టు! నేను ఆ పొట్లం విప్పని రోజు లేదు" అన్నాడు భర్త.

ఆమె కొట్టాయనకూ భర్తకూ మధ్యకొచ్చి నిలబడింది.

"ఆయన్ని అంటే ఊరుకోను చెప్తున్నా! ఆయన సంగతి నీకేం తెలుసు? బీపీ అని డాక్టరు చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో ఉప్పు డబ్బానే లేదు. ఈయన అడిగితే చిటికెడు కూడా ఇవ్వద్దని కిరాణా కొట్లకీ, టీ కొట్టుకీ, చివరికి పక్కింటావిడకీ చెప్పొచ్చాను. నేను పెట్టే చప్పిడి కూర నా నోటికే పోదు. మా ఆయన కిక్కురుమనకుండా ఇక్కడికి తెచ్చుకుని, ఆఖరి మెతుకు దాకా తింటున్నాడు. అంత నోరు కట్టుకున్న మనిషి పసికూనల నోరు కొడతాడా?"

భర్త తల వంచుకున్నాడు. ఎంత పొగిడినా పొంగిపోని మనిషి అనుకుందామె. ఇలాంటివాడిని పట్టుకుని మతిమరుపువాడంటాడా ఈ దాణా కొట్టువాడు! ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీలేవే, వదిలెయ్" అన్నాడు భర్త నీళ్లు నములుతూ. "ఆయన్ని వెళ్లనీ. ఎండలో వచ్చాడు పాపం."

"ఎందుకు వదిలెయ్యాలి? మీ మంచితనమే మన కొంప ముంచుతోంది! ఏమయ్యా, నువ్వు చూసింది ఒక్క తోకే కదా? మిగతావి కూడా చూసి వెళ్లు. రేపు పశువుల డాక్టరు ముందు సాక్ష్యం చెబుదువు గాని."

ఆమె విసురుగా వెళ్లి దొడ్డి గడియ లాగింది.

"తలుపు తీయకే!" అని గావుకేక పెట్టాడు భర్త. పెళ్లైన ఇన్నేళ్లలో అంత గట్టిగా ఆయన ఆమె మీద అరవడం అదే మొదలు.

అప్పటికే పిల్లలన్నీ బిలబిలమంటూ బయటపడ్డాయి. దాణా తొట్టె వంక ఒక్కటీ చూడలేదు. కొట్టాయన కాళ్ల సందుల్లోంచి దూరి, తిన్నగా చెక్క బల్ల కిందికి ఉరికి, చిటికెడు ఉప్పైనా వేయకుండా పొద్దున ఆమె వండి పంపిన కూర తిన్న కంచాన్ని ఒకదాన్నొకటి తోసుకుంటూ తళతళలాడేలా నాకేశాయి.