ఎర్రపూల అరటికి వైద్యం

న్యూస్‌పేపర్ పొట్లం విప్పి, అందులోని వేరును ఈరమ్మ ల్యాబ్ బల్ల మీద పెట్టింది.

"మా అరటిది. పండ్లు కాసేది కాదు, షోకు కోసం పెంచేది. ఆకులు పసుపెక్కి వాలిపోతున్నయ్. ఏమైందో జర చూడు బిడ్డా."

వేరు నిండా జొన్నగింజలంత బుడిపెలు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ప్రవళిక ఒక బుడిపెను చీల్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది. కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు. తలెత్తేసరికి ఆమె మొహం రంగు మారిపోయి ఉంది.

"నులిపురుగులు ఆంటీ. వేర్లల్ల కాపురం పెట్టి రసం పీలుస్తయ్. కానీ..." గొంతు తగ్గించింది. "ఇవి మామూలు పురుగులు కావు."



తార్నాకలో ఈరమ్మ లేడీస్ హాస్టల్ నడుపుతోంది. గేటు పక్కన, సగానికి కోసిన నీలం డ్రమ్ములో పెరిగిన ఆ ఎర్రపూల అరటే హాస్టల్‌కు గుర్తు. అరటిచెట్టు హాస్టల్ అంటే చాలు, ఆటోవాళ్లు తిన్నగా తెచ్చి దింపుతారు. కొత్తగా చేరిన పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపుతారు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఈరమ్మ మొదట చెప్పుకునేది దానితోనే.

ఆ సాయంత్రమే ప్రవళిక హాస్టల్‌కు వచ్చింది. డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని మట్టి తవ్వింది. బుడిపెల వేర్లను అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరాయి చెట్టు కోసం ఇంతగా కదిలిపోయే మనిషిని ఈరమ్మ ఎక్కడా చూడలేదు.

"ఏం మందెయ్యాలె బిడ్డా?"

"అయ్యో, వద్దాంటీ! ఏ మందు వెయ్యకుండ్రి. ఎవ్వరికి చెప్పకుండ్రి కూడా. రిపోర్టులు వచ్చేదాకా బయటికి తెల్వద్దు."

మందుకు కూడా తట్టుకోలేని దశ అన్నమాట, అనుకుంది ఈరమ్మ. అంటుజబ్బు కూడా అయి ఉంటుంది, లేకపోతే ఈ గుట్టెందుకు?

అప్పటినుంచి ప్రవళిక తరచూ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఓ వేరు ముక్క, గుప్పెడు మట్టి డబ్బాలో వేసుకుని వెళ్లేది. ఈరమ్మ వేడివేడి గారెలు తెచ్చి ముందు పెట్టేది. "ఎట్లున్నయ్ బిడ్డా?" అంటే, వేరు మీంచి కళ్లు తిప్పకుండా, "సూపరున్నయ్ ఆంటీ" అనేది. గారెలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే చల్లారిపోయేవి.

ఒకసారి బాగా దిగులుగా వచ్చింది. "ఎంత చూసుకున్నా మా దగ్గర బతుకుత లేవాంటీ."

పట్టుకుపోయిన వేరు ముక్కల సంగతి కాబోలనుకుని ఈరమ్మ ఆమె వీపు నిమిరింది. "పరేషాన్ గాకు. గీడ నేను లేనా? గీడ మంచిగ బతుకుతయ్."

"మీ మీదనే ఆశ ఆంటీ" అంది ప్రవళిక, ఆమె చేతులు రెండూ పట్టుకుని.

ఎండాకాలంలో ఆ రిపోర్టుల కోసమే ప్రవళిక బెంగళూరు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ పదిసార్లు జాగ్రత్తలు చెప్పింది. ఆమె అటు వెళ్లిందో లేదో, ఇటు అరటి కాండం ఓ పక్కకు ఒరిగిపోయింది. హాస్టల్ పిల్లలు దానికి చున్నీ కట్టి కిటికీ ఊచకు ఆనించారు.

ఈరమ్మ ఇక చూస్తూ ఊరుకోలేకపోయింది. డాక్టర్లు చేతులెత్తేశాక ఇంకో వైద్యం చేయించుకున్నవాళ్లు లేరా? ఆటో ఎక్కి లాలాపేట్‌లో నర్సరీ పెట్టుకున్న బుచ్చిబాబు దగ్గరికి వెళ్లింది.

"గింతదానికి భయమెందుకమ్మా?" అన్నాడతను. "మొక్కను పీకి, బుడిపెలున్న వేర్లన్ని కోసెయ్. దుంపను వేడినీళ్లల్ల ముంచి తియ్. వేపపిండి కలిపిన కొత్త మట్టిల పెట్టు. చుట్టూత బంతి నాటు. పాత మట్టి మీద పట్టా కప్పు, మిగిలింది ఎండ చూస్కుంటది."

ఒక్కటి కూడా పొల్లుపోకుండా చేసింది ఈరమ్మ. కోసిన వేర్లను కట్టెలపొయ్యిలో వేసి కాల్చింది. పాత మట్టిని తడిపి డాబా మీద పరిచి, ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెట్టింది. పట్టా కింద మట్టి పెనంలా కాలింది. పొద్దున్నే లేచి అరటి దగ్గరికి వెళ్లి, "నన్ను ఆగం చేయకే తల్లీ" అని బతిమాలేది.

వానలు పడ్డాయి. చుట్ట విప్పుకుంటూ లేతాకు ఒకటి పైకి లేచింది. దాని వెనకే ఇంకొకటి. ఈరమ్మ మట్టి తవ్వి చూసి ఆనందం పట్టలేక, ఆ పూట హాస్టల్ మొత్తానికి సేమ్యా పాయసం చేయించింది. ప్రవళికకు మాత్రం ఫోన్ చేయలేదు. వచ్చి కళ్లారా చూడాలి కదా!

చివరికి ప్రవళికే ఫోన్ చేసింది. "ఆంటీ, రిపోర్టులొచ్చినయ్! రేపు మా సార్‌ను తీస్కొని వస్తున్న!" ఆ గొంతు గంతులేస్తోంది.

మర్నాడు ప్రొఫెసర్ వెంకటేశ్వర్లు శాలువాతో వచ్చాడు. వెంట విద్యార్థులు, కెమెరాలు. గేటు దగ్గరే ఈరమ్మకు శాలువా కప్పి దండం పెట్టాడు. హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టారు.

"గింతదానికి శాలువాలెందుకు సార్?" సిగ్గుపడింది ఈరమ్మ. మనసులో మాత్రం, బుచ్చిబాబు ఊరంతా చెప్పినట్టున్నాడు అనుకుంది.

"చిన్న సంగతి కాదమ్మా. మీరు కాపాడకుంటే మొత్తం పోయేది."

ఆ మాటతో ఈరమ్మ ఇక ఆగలేకపోయింది. బంతిమొక్కలు పక్కకు తోసి, ఓ వేరు తెంపి, మగ్గులో కడిగి, కెమెరాలకు కనబడేలా ఎత్తి పట్టుకుంది. వేరు తెల్లగా, నున్నగా మెరిసింది.

"చూడుండ్రి! ఒక్క పురుగు లేదు. పాత మట్టిల ఉన్నయి సుత ఎండకు మాడి చచ్చినయ్!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రవళిక డ్రమ్ము పక్కనే చతికిలబడింది.

వెంకటేశ్వర్లు సార్ కళ్లజోడు తీసి, గొంతు సవరించుకుని, మెల్లగా అన్నాడు: "లోకంల ఇంకెక్కడ దొరకని పురుగులమ్మా అవి, ఈ పిల్ల కనిపెట్టి వాటికి మీ పేరే పెట్టింది."