రెండు కణాల కథ

“మరి హీరో ఎవడు మేడమ్?” అన్నాడు తిరుమలేశ్.

స్ఫూర్తి కాస్త తడబడింది. “హీరో అంటూ ఎవరూ లేరండి. రెండు నరాల కణాలుంటాయి. వాటి మధ్య చిన్న సందు. ఇటునుంచి ఒక ప్రోటీన్ చెయ్యి చాపుతుంది, అటునుంచి ఇంకో ప్రోటీన్ చాపుతుంది. ఆ చేతులు రెండూ కలిస్తేనే ఇక్కడి కబురు అక్కడికి అందుతుంది.”

తిరుమలేశ్‌కి బుర్ర తిరిగిపోయింది. నిర్మాత వరప్రసాద్ దగ్గర ఏళ్ల తరబడి కథలు వింటున్నాడు, దిద్దుతున్నాడు. దెయ్యం ప్రేమలో పడ్డ కథ విన్నాడు, దున్నపోతు పగబట్టిన కథా విన్నాడు. ప్రోటీన్లు చేతులు చాపిన కథ మాత్రం ఇదే మొదలు.

అతని దిగులు వేరే ఉంది. ఈసారి అతని సొంత కథని, అతని దర్శకత్వంలోనే తీస్తానని వరప్రసాద్ మాటిచ్చాడు. ఉగాదికి కొబ్బరికాయ కొట్టాల్సింది. ఉగాది పోయింది, శ్రావణమాసం కూడా వచ్చింది, ఆయన ఆ ఊసే ఎత్తడం లేదు. భార్య వందన టిఫిన్ పెట్టేటప్పుడల్లా “ఏమాయె?” అని అడుగుతోంది. ఇంతలో నిన్న వరప్రసాద్ ఫోను. “ఒకమ్మాయి వచ్చి చెబుతోందయ్యా, నా బుర్రకి ఎక్కడం లేదు. రేపు నువ్వూ వచ్చి కూర్చో.” అదీ ఫిల్మ్‌నగర్ ఆఫీసులో కాదు, జూబ్లీహిల్స్ ఇంట్లో. ఇంటికి పిలిపించుకుని మరీ వింటున్నాడంటే తన సినిమాకి నీళ్లొదిలినట్టే అనుకున్నాడు తిరుమలేశ్.

పైగా ఆయన కూతురు హరిణి కూడా వచ్చి కూర్చుంది. ఆమె ఈమధ్య పాపని తీసుకుని బెంగళూరు నుంచి వచ్చి పుట్టింట్లోనే ఉంటోందని తెలుసు. కథలు వినడం ఎప్పుడు మొదలుపెట్టిందో అతనికి తెలియదు.

“మనుషులే లేరంటున్నరు. అంటే బొమ్మల సిన్మానా? జర అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి.”

స్ఫూర్తి వరప్రసాద్ వైపు చూసింది.

“వాడి ధోరణి అంతేనమ్మా, మావాడే. నువ్వు కానీ. కథలాగే చెప్పు, మాకు కథయితేనే ఎక్కుతుంది,” అన్నాడాయన.

“ఆ కణాలు రెండూ రెండు ఇళ్లనుకోండి. చేతులు కలవగానే రెండు ఇళ్లలోనూ సందడి మొదలవుతుందండి. ఇటు కబురు మోసే పొట్లాలు గుమ్మం దగ్గరికి చేరతాయి. అటు ఆ కబురు అందుకునేవాళ్లు వరసగా నిలబడాలి. ఎవరి చోట వాళ్లని నిలబెట్టడానికి లోపల ఇంకో ప్రోటీన్ ఉంటుంది, మేస్త్రిలాగా.”

“ఆఁ! గీ మేస్త్రే హీరో అన్నట్టు.”

“అలాగే అనుకోండి. మన కథలో ఆ మేస్త్రి సగమే ఉంది.”

“సగమంటే? కాలు గిట్ల ఇరిగిందా?”

“ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కరే చేస్తున్నారు. అందుకని చేతులు కలిసినా పట్టు నిలవడం లేదు. కబురు బయలుదేరుతుంది. అటు అందుకునేవాళ్లు సరిపడా ఉండరు.”

“మరి ఇంకో మేస్త్రిని ఎవడు మాయం జేసిండు? విలన్ ఎవడు?”

“విలన్ లేడండి. ఇందులో ఎవరి తప్పూ లేదు.” ఈ మాట స్ఫూర్తి హరిణి వైపు తిరిగి చెప్పింది. “నిజంగా ఎవరి తప్పూ లేదు.”

హరిణి చున్నీతో కళ్లొత్తుకుంది. తిరుమలేశ్‌కి చెమటలు పట్టాయి. విలన్ లేడు, పాట లేదు, ఫైటు లేదు, అయినా వినేవాళ్లు ఏడుస్తున్నారు! తన కథ చెప్పిన రోజు ఎవరి కన్నూ చెమ్మగిల్లలేదు సరికదా, వరప్రసాద్ మధ్యలో చిన్న కునుకు కూడా తీశాడు.

“క్లైమాక్స్ ఏంది మరి?” అన్నాడు ఉండబట్టలేక.

“తెలియదండి.”

“తెల్వదా! మీకే తెల్వకపోతే ఇంకెవలకు తెలుస్తది మేడమ్?”

“ఇది నేను రాసింది కాదు కదండీ. ఇలాంటివి చాలామందికి చెప్పాను. ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ముగిసింది.”

ఓహో, ఊరంతా తిరిగొచ్చిన కథన్నమాట! తిరుమలేశ్‌కి ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే వరప్రసాద్ ముందుకి వంగాడు. “ముగింపు మార్చడానికి వీల్లేదా అమ్మా? ఖర్చు సంగతి వదిలెయ్. ఎంతయినా పెడతాను.”

ఎంతయినా అట! తన సినిమాకి రెండో కెమెరా కూడా దండగన్న మనిషేనా ఈయన?

“ఆ రెండో మేస్త్రిని తెచ్చిపెట్టడం ఇప్పటికైతే ఎవరి చేతుల్లోనూ లేదండి,” అంది స్ఫూర్తి. “ఉన్న పట్టునే గట్టిపరచుకుంటూ పోవాలి. రోజూ కూర్చోవాలి. చెప్పిందే చెప్పాలి, విసుక్కోకూడదు. ఏళ్లు పట్టొచ్చు. అప్పటికీ నేను మాటివ్వలేను.”

వరప్రసాద్ నీరసంగా వెనక్కి వాలి, “నాకేం పాలుపోవడం లేదయ్యా. నువ్వేమంటావు?” అన్నాడు.

తిరుమలేశ్ ఆ మాట కోసమే చూస్తున్నాడు.

“సార్, ఉన్నమాట జెప్తా, ఏమనుకోకుండ్రి. దీనికి తల లేదు, తోక లేదు. ఎట్ల ముగుస్తదో తెల్వని దానిమీద ఏండ్లకేండ్లు కూసుంటే ఏమొస్తది, పైసలు బోవుడు తప్ప? గీడికే ఇడిసిపెట్టుండ్రి. మనం వేరేది చూసుకుందాం.”

వరప్రసాద్ అతని మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. దెబ్బ సరిగ్గా తగిలిందని తిరుమలేశ్ లోలోపల సంబరపడ్డాడు.

హరిణి కుర్చీ స్ఫూర్తి దగ్గరికి జరుపుకుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

“మా పాప ఎప్పటికైనా నన్ను అమ్మా అంటుందా, డాక్టరుగారూ?”